వర్నా నడిచే పచ్చిక

ఒహాయోలో మా పక్కింటి ఎల్మర్ రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని పచ్చికను పిడికిటపట్టి లాగి చూసేవాడు. వేరుపురుగులు తినేయడంతో అది చాపలా ఊడివచ్చేది. చూపులేని అతని భార్య వర్నా దాని మీదే జారిపడింది. ఆపైన గడప దాటలేదు.

"మందు చల్లి పారేయవయ్యా, ఒక్కపూట పని," అన్నాడు ఎదురింటి రస్.

"ఆవిడ చెప్పులేసుకోదు కదా. పాదాలతోనే దారి తెలుసుకుంటుంది," అన్నాడు ఎల్మర్.

ఆగస్టు సాయంత్రాల్లో, ఆ వేరుపురుగుల్ని చంపే, మనుషులకు హాని చేయని, కంటికి కనబడని నులిపురుగుల్ని నీళ్లలో కలిపి నేలంతా తడిపాడు. సెప్టెంబరు చివరికి, ఎంత లాగినా గడ్డి ఊడలేదు. వర్నాను చెయ్యిపట్టి మెట్లు దించాడు. రెండడుగులు వేసి ఆమె ఆగింది.

"ఇక వదులు ఎల్మర్."

వదిలాడు. ఆమె వెంట వెళ్లకుండా తనను తాను ఆపుకోవడానికి అక్కడే గడ్డిలో చతికిలబడ్డాడు.