స్టిక్కర్‌ను నమ్మని సామ్యూల్

ఉస్మాన్‌గంజ్‌లో ఏసీలు బాగుచేసే సామ్యూల్ అన్న ఎవరినీ నమ్మడు. అందుకే ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నాకు ఆయనంటే గురి.

మొన్న డ్రైవర్ భిక్షపతి ఒక పాత కారవాన్ తెచ్చాడు. అతను వండుకునేదీ పండుకునేదీ ఆ బండిలోనే.

"దీని ఏసీల పోసే పాత గ్యాస్ తయారే బందైందట. పోయినేడు కొత్త రకం ఎక్కించిన, పేరు స్టిక్కర్ మీదుంది చూడు. జర తగ్గింది, గదే నింపన్నా."

"ఎవరు ఎక్కించిన్రు?"

"తొవ్వల ఎవడో మెకానిక్. ఇగ వాణ్ణి తిట్టి నాకు పెద్ద పని చెప్తవ్, గంతేనా?"

నాకూ అదే అనుమానం వచ్చింది. సామ్యూల్ అన్న భిక్షపతి చేతిలోని బీడీ ఆర్పించాడు. పొయ్యి సిలిండర్‌ను దించి దుకాణంలో పెట్టించి, బండిని ఖాళీ జాగాలోకి తీయించి, ఏసీ పైపు వాల్వును ఒక్క క్షణం వదిలాడు.

"నువ్వే వాసన చూడు భాయ్."

భిక్షపతి వంగి చూశాడు. అది వంటగ్యాస్ వాసన.

"నా పొయ్యిదేమో," అన్నాడు మెల్లగా.

"పొయ్యి సిలిండర్ ఇందాకనే దించి దుకాణంల పెట్టినం గదా. ఏసీలనే వంటగ్యాస్ నింపిండు. సల్లగనే చేస్తది. నిప్పురవ్వ తగిలితే నువ్వుండవ్."

భిక్షపతి బండిలోని తన మంచం వైపు చూశాడు.

"మొత్తం తీసెయ్యన్నా. సరైనది నింపు," అన్నాడు. సామ్యూల్ అన్న కొత్త గ్యాస్ సిలిండర్ తేగానే భిక్షపతి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. గిది గూడ వాసన చూస్త."

సామ్యూల్ అన్న కోపం తెచ్చుకోకుండా సిలిండర్‌ను అతని ముందుకు జరిపాడు.