జేజి కాపాడిన బాతులు

ఆ రోజుల్లో ఒంటరితనం అనే పెద్ద మాట నాకు తెలియదు. "ఏమీ తోచడం లేదు" అనేవాణ్ణి, అంతే. రెండువేల మూడు ప్రాంతంలో బ్యాంకులో నాన్నకు బదిలీ అయి, కర్నూలు నుంచి మైదుకూరు వచ్చిపడ్డాం. నాకు పదకొండేళ్లు. సరిగ్గా పరీక్షలు అయిపోయాక రావడంతో బడీ లేదు, బడి స్నేహితులూ లేరు. నాన్న బ్యాంకుకు, అమ్మ ఆసుపత్రి డ్యూటీకి పోతే ఇంట్లో నేనూ, గోడ మీది బల్లీ మిగిలేవాళ్లం. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే మేడ మీద నుంచి చూసేవాణ్ణి. ఎవడో ఒకడు తలెత్తి "ఏమప్పా, వస్తావా?" అంటాడేమోనని పొద్దున్నే తల దువ్వుకుని మరీ నిలబడేవాణ్ణి. ఎవడూ అనలేదు. (నువ్వే దిగి అడగొచ్చుగా అంటారు మీరు. అంత ధైర్యమే ఉంటే ఈ కథ ఎందుకు?)

నా మొహం చూడలేక నాన్న కడప నుంచి టీవీ గేమ్ తెచ్చాడు. ఎనభైల్లో జపాన్‌లో పుట్టి లోకమంతా తిరిగిన ఒక పేరుమోసిన యంత్రానికి మన బజారు నకలు అది. అందులో గుచ్చే క్యాసెట్ మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసి ఉండేది. లెక్కపెట్టాను, చేతిలో వేరే పని లేదు కదా! ఇరవై ఆటల తర్వాత అవే పేర్లు మార్చుకుని మళ్లీ వచ్చాయి. ఆట రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊదేవాణ్ణి. ఊదడం వల్ల ఏమీ జరగదనీ, తీసి మళ్లీ గుచ్చడం వల్లే పనిచేసేదనీ, పైగా మన ఎంగిలి తడికి లోపలి పిన్నులు తుప్పు పడతాయనీ ఈమధ్యే చదివాను. దాంతోపాటు చేత్తో పట్టుకుని మీటలు నొక్కి ఆడే రెండు పాడ్‌లూ, ఒక తుపాకీ కూడా ఇచ్చారు. గడ్డిలోంచి లేచే బాతుల్ని దాంతో కాల్చాలి. తుపాకీలోంచి ఏదీ పోదు. మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి మచ్చ మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ మచ్చను చూస్తే బాతు పడినట్టు. చూడకపోతే గడ్డిలోంచి ఒక కుక్క లేచి మన మొహం మీదే నవ్వుతుంది.

ఆ ఆట చప్పుడుకు ఒకరోజు కింది వాటా నుంచి ఇంటి ఓనరు తల్లి పైకి వచ్చింది. వాళ్లది పప్పుల అంగడి. కోడిగుడ్డు అన్న మాట కూడా వినపడకూడని ఇల్లు. నాయనమ్మను పిలిచినట్టే నేను ఆమెను జేజీ అనేవాణ్ణి. తలుపు దగ్గరే నిలబడి తెర చూసి, చెంపలేసుకుంది.

"ఓరి అబ్బీ, ఏం చేస్తాండావురా? ఆ బాతులు నీకేం చేసినాయి?"

"అవి ఉత్త బొమ్మలు జేజీ."

"బొమ్మలైతే ఎగురుతాయా? పాపంరా!"

అంటూనే వచ్చి చాప మీద కూర్చుంది. నాకు లోపల ఎంత సంతోషమో! ఎట్లాగైనా ఆమెను కాసేపు ఉంచాలి. తుపాకీ వైరు రెండో పాడ్ ఉండే చోట గుచ్చాను కాబట్టి మొదటి పాడ్ ఊరికే పడి ఉంది. ఆట మొదలుపెట్టడానికి తప్ప దానికి పనిలేదని నా నమ్మకం. అది ఆమె చేతిలో పెట్టి, "ఇది నొక్కితే నువ్వు బాతుల్ని కాపాడొచ్చు జేజీ" అని పచ్చి అబద్ధం చెప్పాను. ఆమె నమ్మింది. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కొంగులో ఇన్ని వేయించిన శనగలు కట్టుకుని వచ్చేది. "పో తల్లీ, పైకి పో, వీడు కాల్చేటట్టు ఉండాడు" అని బాతులకు చెబుతూ పాడ్ నొక్కేది. విచిత్రంగా నా గురి దెబ్బతిన్నది. తుపాకీని తిట్టాను, ఓల్టేజీని తిట్టాను. అయినా ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో ఇప్పటికీ చెప్పలేను.

ఏకాదశి వచ్చింది. ఆమె ఉపవాసం. "ఈ పొద్దు ఒక్కటి కూడా సావకూడదు" అని పంతం పట్టి కూర్చుంది. పదికి పది బాతులూ ఎగిరిపోయాయి. పదిసార్లూ కుక్క నవ్వింది. జేజి కూడా చప్పట్లు కొట్టి నవ్వేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. పాడ్ లాక్కుని, "ఇది పనిచేయదు జేజీ! నువ్వు పోకుండా ఉండాలని ఊరికే ఇచ్చినా. నీ గోలకే నాకు గురి తప్పుతాంది!" అని అరిచాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "అట్లనా నాయనా" అని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, మెల్లగా కిందికి పోయింది.

మరునాడు రాలేదు. నా గురి మాత్రం అమాంతం బాగుపడింది. పదికి పది! పక్కకు తిరిగి "చూస్తివా?" అంటే ఖాళీ చాప. ఆట గెలిచి ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. క్షమించమని అడగడానికి రోజూ సగం మెట్లు దిగి, సిగ్గుతో వెనక్కి ఎక్కేవాణ్ణి. అట్లానే సెలవులు అయిపోయాయి. తర్వాతి ఏడు మళ్లీ బదిలీ.

ఈమధ్య ఒక ఆదివారం, బెంగళూరులో నేనొక్కణ్ణే ఉండే గదిలో, ఆ యంత్రం చరిత్ర చదువుతూ కూర్చున్నాను. ఆ బాతుల ఆటలో మొదటి పాడ్ పట్టుకున్నవాళ్లు బాతును ఎటు కావాలంటే అటు నడపవచ్చట! శానామందికి తెలియని కిటుకట. వెంటనే నాన్నను అడిగి జేజి వాళ్ల నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఎనభై దాటినా గొంతు ఖంగుమంటోంది.

"జేజీ, ఆ పాడ్ నిజంగానే పనిచేసేదంట. బాతుల్ని నువ్వే కాపాడినావు!"

"నాకు తెలుసులే అబ్బీ. నేను ఎడమకు నొక్కితే అది ఎడమకు పోతాండె. కండ్లు లేవా నాకు?"

"మరి పనిచేయదంటే నమ్మే గదా రావడం మానేస్తివి?"

"యాడ నమ్మినా? నువ్వు కసురుకుంటివి గదా, నువ్వే వచ్చి పిలుస్తావని చూస్తా ఉంటి. పిలవకపోతివి."

ఆ వేసవంతా పైన నేను, కింద ఆమె, ఒకరి కోసం ఒకరం ఎదురుచూస్తూ కూర్చున్నామన్నమాట. మధ్యలో ఉన్నవి పన్నెండు మెట్లు. ఆ పదకొండేళ్ల పిరికివాణ్ణి తలుచుకుంటే నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. వచ్చే ఆదివారం మైదుకూరు వస్తానన్నాను.

"రా నాయనా, రా. శనగలు వేయించి పెడతా" అంది. "ఆ తుపాకీ మాత్రం తేవాకు."