ఊరికే పరుగెత్తిన అంబాదాస్

షోలాపూర్ భవాని పేట్ గల్లీల్లో ఊరికే పరుగెత్తడం అనే పని లేదు. ఉరికేవాడి వెనక ఏదో ఒకటి ఉండాలి, కుక్కో పోలీసో. లేదా ముందు ఏదో ఒకటి ఉండాలి, బస్సో చావు కబురో. ఆ మాటకొస్తే లోకమంతా అంతే. పాతకాలపు గ్రీకుదేశంలో యుద్ధం గెలిచిన కబురు మోసుకుని ఉరికి, చెప్పీ చెప్పగానే పడి ప్రాణం వదిలాడంటారే, ఆ సిపాయిని తలుచుకుని ఇప్పటికీ ఊరూరా పందేలు పెడుతున్నారు. అతని నోట్లో కబురు లేకపోతే ఎవడు పట్టించుకునేవాడు? మన దగ్గరా టపా మోసేవాళ్ళు కర్రకు గజ్జెలు కట్టుకుని అడవులకు అడ్డంపడి ఉరికారు. పేరు నిలిచిన పరుగులన్నీ ఏదో ఒకటి మోసినవే. ఒంటికి మంచిదని ఉత్తచేతులతో ఉరికినవాణ్ణి ఏ కథకుడూ తలుచుకోలేదు.

అంబాదాసుకు గ్రీకుల సంగతి తెలియదు. ఇంటిపేరు గుర్రమే అయినా పరుగుల సంగతీ తెలియదు. బడి మానేసిన ఏటి నుంచి సాంచెల మీద నిలబడి చద్దర్లు నేసినవాడు. కరెంటు మగ్గాలను ఆ పేట మనుషులు సాంచెలనే అంటారు. తాతలు కరీంనగర్ దిక్కు నుంచి షోలాపూర్ వచ్చినప్పుడు తెచ్చుకున్న మాటల్లో అదీ ఒకటి. ఆ సాంచెల ముందు ఓ వారం పగటి పాళీ, ఓ వారం రాత్రి పాళీ. ఇట్లా వయసు నలభై దాటాక, 1980ల చివర్లో ఒకనాడు, దాహం తీరడం లేదని వెళితే డాక్టర్ నెత్తురు చూసి షుగర్ అన్నాడు.

"మందులు రాస్తా. కానీ రోజూ పొద్దున ఉరకాలె. ఉరకరాకపోతే జోరుగ నడువు" అన్నాడు డాక్టర్. ఆయన మరాఠీవాడే గానీ, పేటలో ప్రాక్టీసు పెట్టి తెలుగు నేర్చాడు.

"డాక్టర్‌సాబ్, నేను పొద్దంత నడుస్తనే ఉంట. ఈ సాంచె కాడికెంచి ఆ సాంచె కాడికి, ఆ సాంచె కాడికెంచి ఈ సాంచె కాడికి."

"అది నడుచుడు కాదు. బోనుల పులి తిరుగుడు. పులికి పొట్ట రాదు, దానికి ఎవ్వరు చాయ్ పొయ్యరు గనక. నీకు వస్తది."

అంబాదాస్ నవ్వలేదు. అతనికి కళ్ళ ముందు కనిపించింది పులి కాదు, అన్న నర్సప్ప. నర్సప్పకూ ఇదే జబ్బు. బొటనవేలికి చిన్న పుండు లేచి, అది మానక, మోకాలు కింద కాలు తీసేశారు. ఇప్పుడు గడపలో కూర్చుని సాంచెలకు నూలు కండెలు చుడతాడు. నేతగానికి చేతులు అన్నం పెడతాయని అందరూ అంటారుగానీ, సాంచె మీద అన్నం పెట్టేవి కాళ్ళు. అవి నిలబడినంత సేపే కూలీ. కాళ్ళ మీద అనుమానం వచ్చిన మనిషికి రాజయ్య సేట్ తన సాంచెలు అప్పజెప్పడు. కాబట్టి కాళ్ళు కాపాడుకోవాలి, కాపాడుకుంటున్న సంగతి సేట్‌కు తెలియకూడదు.

ఇంట్లో చెబితే భార్య గంగుబాయి బీడీ చుడుతున్న వేళ్ళు ఆపకుండానే అడిగింది.

"ఎప్పుడు ఉరుకుతవు? పొద్దుగాల నల్లా వస్తది. బిందెలు ఎవలు మొయ్యాలె?"

"నల్లా బంద్ అయినంక."

"అప్పుడు పాళీకి టైం అయితది. రాత్రి పాళీ వారమైతే నిద్రకు టైం అయితది. నీ డాక్టర్ పాళీ చేస్తడా?"

"డాక్టర్ ఉరుకుమన్నడు గనీ, టైం రాసియ్యలే."

చివరికి నల్లా నీళ్ళకూ పాళీకూ మధ్య, మొదటి చాయ్‌కి ఉండే సందులో పరుగును ఇరికించాడు. మర్నాడు లుంగీ మోకాళ్ళ మీదికి కట్టి, కాన్వాసు బూట్లు తొడిగి గల్లీలోకి దిగాడు. ఆ బూట్లలో కాళ్ళు పెడుతుంటే పెళ్ళికొడుకంత సిగ్గేసింది.

ఆ వేళకు ఆడవాళ్ళు ముందురోజు చుట్టిన బీడీలు గంపలకెత్తుకుని కార్ఖానాకు పోతుంటారు. అక్కడ బీడీలు అప్పజెప్పి మళ్ళీ ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. ముందు నిలబడ్డవాళ్ళకు పచ్చగా, వెడల్పుగా ఉన్న ఆకు. వెనక నిలబడ్డవాళ్ళకు చిరుగులు, చిల్లులు. అంబాదాస్ వాళ్ళను దాటి కార్ఖానా దిక్కే ఉరికాడు. పార్వతీబాయి ముందుగా చూసింది.

"ఏమే, ఆకు లోడ్ వచ్చినట్టుందే! గంగుబాయి మొగడు ఉరుకుతుండు చూడు, పెండ్లానికి నంబర్ పట్టనీకె!"

అంతే. గంపలు నెత్తిమీద, చెప్పులు చేతుల్లో, కొంగులు నడుముల్లో. గల్లీ గల్లీ ఆడవాళ్ళంతా అంబాదాస్ వెనక ఉరికారు. ఆడవాళ్ళు ఉరకడం చూసి, ఎవరో పోయారనుకుని ఇద్దరు మగవాళ్ళు తువాలు భుజాన వేసుకుని కలిశారు. కార్ఖానా తలుపుకు ఇంకా తాళం ఉంది. అంబాదాస్ రొప్పుతూ ఆగాడు. వెనక మంద ఆగింది.

"లోడ్ ఏదిరా?" అంది పార్వతీబాయి. ఆమె అతనికి వరసకు అత్త.

"ఏం లోడ్, అత్తా?"

"మరి ఎందుకు ఉరికినవ్?"

"ఊరికే."

"ఊరికేనా? మోకాళ్ళ నొప్పులు పెట్టుకోని ఇంత దూరం నన్ను ఉరికిచ్చి ఊరికే అంటవా? నీ బూట్లల్ల మన్నువడ!"

భుజాన తువాలున్న ఇద్దరిలో ఒకడు మాత్రం ఆశ వదులుకోలేదు. "ఇంతకు ఎవలు పోయిండ్రన్నా?" అని మెల్లగా అడిగాడు.

తరవాత కొన్నాళ్ళు ఇదే తంతు. ఎవరి కంట పడకుండా ఉరకడానికి ఆ పేటలో సందు లేదు. ప్రతి గడపలోంచి ఒక ప్రశ్న, ప్రతి ప్రశ్నకూ ఒక అబద్ధం. పరుగుకన్నా అబద్ధాలకే ఎక్కువ ఊపిరి ఖర్చయ్యేది. మానేద్దామనుకున్నాడు. మానేసిన రోజు గడపలో నర్సప్ప కనిపించేవాడు. మళ్ళీ బూట్లు తొడిగేవాడు. లోకంలో ఎంతోమందిని గురువులూ గ్రంథాలూ దారిన పెట్టి ఉండవచ్చు. అంబాదాసును దారిన పెట్టింది మాత్రం అన్న మడిచి కట్టుకున్న ఒక పైజామా కాలు.

ఉపాయం అనుకోకుండా దొరికింది. ఒకనాడు అన్న చుట్టిన కండెల సంచి పట్టుకుని, సాంచెల షెడ్డులో పడేసి అట్నుంచి అటే ఉరుకుదామని బయలుదేరాడు. సంచి దించడం మరిచి పేటంతా తిరిగాడు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! చేతిలో కండెలున్న మనిషి ఉరుకుతున్నాడంటే ఎక్కడో నూలు అయిపోయి సాంచె ఆగింది. సాంచె ఆగితే మనిషి ఉరకాలి, అది ధర్మం. ఆనాటి నుంచి అంబాదాస్ అవే కండెలను రోజూ పేట చుట్టూ తిప్పి తెచ్చి యథాస్థానంలో పెట్టేవాడు. షోలాపూర్‌లో అంత దేశం చూసిన నూలు మరొకటి ఉండదు.

కానీ చేతిలో సంచి ఉన్నవాణ్ణి లోకం ఖాళీగా పోనివ్వదు.

"ఎట్లయిన ఆ దిక్కే పోతున్నవ్ గద, ఈ చద్దరు మా చెల్లె ఇంట్ల ఇచ్చిపో, కొడుకా" అని మొదలుపెట్టింది పార్వతీబాయి. ఆమె చెల్లెలు చద్దరు అందుకుని, "ఉత్తగ పోతవా? కూసో, చాయ్ తాగు" అంది. ఆ ఇంట్లో చాయ్ అంటే గ్లాసు అడుగున చక్కెర కనబడాలి. వద్దంటే మర్యాద కాదు. ఎందుకు వద్దో చెబితే మధ్యాహ్నానికల్లా సేట్ చెవిన పడుతుంది. అంబాదాస్ తాగాడు. వారం తిరిగేసరికి గల్లీకొకరు తగులుకున్నారు. ఒకరి డబ్బా, ఒకరి చీర, ఇంకొకరి పెళ్ళి పత్రికలు. పెళ్ళి పత్రిక తెచ్చినవాడికి నోరు తీపి చెయ్యకపోతే శుభం కాదట. అట్లా షుగర్ తగ్గడానికి బయలుదేరిన మనిషి పేటలో అందరికన్నా ఎక్కువ చక్కెర తినేవాడయ్యాడు. పరుగు పోయి నడక, నడక పోయి అరుగుల మీద కూర్చోవడం మిగిలింది.

రాజయ్య సేట్ మేడమీంచి చూసింది పరుగులనే, అరుగులను కాదు. ఒకనాడు పిలిచి భుజం తట్టాడు.

"ఏం కాళ్ళురా నీయి! పేటంత ఉరికొచ్చి మళ్ళ పాళీ కొడుతున్నవ్. నిన్ను రెండు సాంచెల కాడ ఉంచుడు నాదే గల్తీ. రేపటికెంచి నాలుగు చూసుకో."

జబ్బు దాచినందుకు అంబాదాసుకు దక్కిన బహుమానం అది. వద్దంటే ఎందుకో చెప్పాలి, ఒప్పుకున్నాడు. నాలుగు సాంచెల మధ్య తిరిగి ఇంటికొచ్చేసరికి కాళ్ళు దుంగలయ్యేవి. పొద్దున బూట్లు తొడగడానికి ఓపిక ఉండేది కాదు. మూటలు మాత్రం గడప దగ్గరికే వచ్చేవి.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టర్ నెత్తురు చూసి, మందులు వేసుకుంటున్నావా అని రెండుసార్లు అడిగాడు. అతన్ని మొహం గోడకు తిప్పమని, పాదం కింద ఏదో చేశాడు.

"ఏం తెలుస్తుంది?"

"గుచ్చినప్పుడు చెప్త సాబ్."

"గుచ్చిన. రెండు సార్లు."

ఆ సాయంత్రం అంబాదాస్ అన్న పక్కన గడపలో కూర్చున్నాడు. నర్సప్ప అంతా విన్నాడు. కండె చుట్టడం ఆపలేదు.

"నాక్కూడ గట్లనే అయింది. చెప్పుకునేటందుకు షరమ్ అనిపిచ్చింది. పుండు మీద బట్ట కట్టుకోని సాంచె కాడ నిలవడ్డ. సేట్‌కు తెల్వలే, నీకు తెల్వలే. ఆఖరికి కాలుకు గూడ తెల్వలే."

"చెప్తే సేట్ తీసేస్తడు, అన్నా."

"తీసెయ్యనీ. సేట్ తీసేస్తే ఇంకో కార్ఖానా ఉంటది. డాక్టర్ తీసేస్తే ఏముంటది? కండెలు చుట్టేటందుకు ఇంట్ల నేను ఒక్కన్ని సాలు. నా గడపల నీకు జాగ లేదు, చెప్తున్న."

మర్నాడు అంబాదాస్ సంచి లేకుండా దిగాడు. పార్వతీబాయి ఎప్పటిలాగే మూట చాపింది.

"తీసుకోను, అత్తా."

"ఏం? ఇంత మూట మోస్తే అరిగిపోతవా?"

"నాకు షుగర్ ఉన్నది. కాళ్ళు పోతయన్నడు డాక్టర్. అందుకే ఉరుకుతున్న. మూటలు మొయ్య, చాయ్ తాగ." ఇన్నాళ్ళు దాచుకున్న మాట కదా, కొంచెం గట్టిగానే వచ్చింది. నల్లా దగ్గర బిందెల చప్పుడు ఆగింది.

పార్వతీబాయి చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, కోపంగా గుసగుసలాడింది. "మెల్లగ అనరాదూ? నాకు లేదా ఏంది? నేనేమన్న గల్లీల దండోర ఏసిన్నా?"

ఆ రోజు పరుగులో అంబాదాసును ముగ్గురు విడివిడిగా, చాటుగా ఆపి డాక్టర్ ఎవరని అడిగారు. ఒకడు, భుజాన తువాలు వేసుకుని చావు కబురు అడిగినవాడే, ఇంతకాలం చాయ్‌లో తీపి తక్కువైందని పెళ్ళాంతో పోట్లాడినవాడు.

మధ్యాహ్నానికి సేట్ నుంచి పిలుపు వచ్చింది. అనుకున్నదే.

"నా దగ్గర దాస్తవారా? నాలుగు సాంచెలు ఇచ్చిన నీకు. రేపు పాళీ నడుమల కూలవడితే నన్నే అంటరు జనం."

"తీసేస్తర, సేట్?"

రాజయ్య సేట్ దయగలవాడని ఎవరూ అనరు. కానీ నేతపని వచ్చిన మనుషులు ఆ ఏడు దొరకడం లేదు. "రెండు తీసేస్తున్న" అన్నాడు మొహం తిప్పుకుని. "పాత రెండే చూసుకో. పో."

ఇట్లా, ఏది పోతుందని ఇంతకాలం అబద్ధాలాడాడో అందులో సగం పోయింది. పోయినదాని బదులు పొద్దుటిపూట కాళ్ళలో కాస్త ఓపిక మిగిలింది. కూలీ తగ్గిందని గంగుబాయి గొణిగింది. గొణుగుతూనే మొగుడికంటే ముందు లేచి బిందెలు తనే పట్టింది.

ఇప్పుడు అంబాదాస్ ఉరికి వచ్చి, అరుగు మీద కూర్చుని, బూట్లు విప్పి కాళ్ళు కడుక్కుంటాడు. పాదంలో తెలియనిది కంటితోనైనా చూసుకోవాలన్నాడు డాక్టర్. గంగుబాయి కుంకుమ పెట్టుకునే అద్దం తెచ్చి అతని అరికాలు కింద పట్టుకుంటుంది. మగ్గం దిగిన చద్దరును వెలుతురుకు పట్టి, తెగిన పోగు కోసం వెతికినట్టే అతను ఒక్కొక్క వేలు విడదీసి చూసుకుంటాడు. దారినపోయేవాళ్ళు చూస్తారు. చూడనీ.

"ఏమన్న ఉన్నదా?" అంటుంది గంగుబాయి.

"అద్దం జర ఇటు తిప్పు" అంటాడు అంబాదాస్.