నోటికొక లస్కరును అడిగిన వైద్యుడు

మా వైద్యుడుగారు ఇక లేరని కాలవ రేవులో పడవవాడు చెప్పాడు. “నాట్లకాడికెళ్లి జొరం తెచ్చుకున్నారండి. ఈ పొద్దున్నే ఆ ఊళ్లోనే పోయారండి” అన్నాడు. తడిబట్టతో మెట్టుమీదే నిలబడిపోయాను. నాకు ముందుగా కలిగినది దుఃఖం కాదు, కోపం. డెబ్బయ్యోపడిలో పడిన మనిషి మోకాలిలోతు బురదలో గట్టు గట్టుకూ తిరగవలసిన పనా అది? తిరిగేవారిని పంపమని ఆయన సర్కారును అడగని ఏడు లేదు. వారు పంపలేదు, అందుకే తానే వెళ్లారు.

ఆ పని ఏమిటో చదువరులకు చెప్పాలి. మా కాలవల సీమలో నాట్లు వేసే ఆడవారు చాలామంది చుట్టను తిప్పి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకుని కాలుస్తారు. దానిని అడ్డచుట్ట అంటారు. వానకు ఆరదు. చంకలోని బిడ్డమీద నిప్పురవ్వ రాలదు. చేతులు రెండూ నారుకు ఖాళీగా ఉంటాయి. ఆ అలవాటు వెనుక ఇంత ఆలోచన ఉన్నదని నాకు తెలిపినవారు వైద్యుడుగారే. “తప్పుపట్టేముందు ఎందుకు చేస్తున్నారో అడగండి” అనేవారు.

మా ఇంటికి ఎదురుగానే వారి అరుగు. పొద్దుటి ఎండ ఏటవాలుగా అరుగుమీదికి రాగానే వచ్చినవారిని తూర్పుముఖంగా కూర్చోబెట్టి, తల వెనక్కు వాల్చి నోరు తెరవమనేవారు. ఏ జబ్బుతో వచ్చినా సరే, ముందు నోరు చూడవలసిందే. ఒకనాడు నాట్లు వేసే ముసలమ్మ ఒకతె కాలి నొప్పికి మందు కోసం వచ్చింది.

“ఏమే, నోట్లో పొయ్యి రాజేశావు, వంటెప్పుడు?” అన్నారు.

“బియ్యం తమరు పంపండి బాబూ, కూడొండి తమరికే ముందెడతాను!”

అరుగుమీద అందరూ నవ్వారు. లోపల చూసిన వైద్యుడుగారు మాత్రం నవ్వలేదు. అంగిలి సున్నం పూసినట్టు తెల్లబారి ఉంది. ఆ తెలుపులో ఆవగింజలంత ఎర్రచుక్కలు.

“మానెయ్యవే. ఇప్పుడు మానితే తగ్గుద్ది.”

“పెళ్లికాకముందు నుంచీ కాలుస్తన్నానండి. ఏమయ్యిందీ?” అని మందు పుచ్చుకుని వెళ్లిపోయింది.

ఆ తెలుపు ముదిరి కొందరికి రాచపుండు అవుతుంది. అయిన తరువాత మందు లేదు. “మానినవాళ్లలో కొందరికి తెలుపు విరుగుతోంది. మాననివాళ్లలోనూ అందరికీ పుండు రావడంలేదు. ఎందుకు? నిప్పు వల్లనా, పొగ వల్లనా? నా రెండు కళ్లూ చాలవండి శాస్తుర్లుగారూ” అన్నారు నాతో. మన శాస్త్రాలు ముఖరోగాలను పేరుపేరునా చెప్పాయి. ఆ పేర్లన్నీ నాకు కంఠస్థం. వాటిలో ఒక్క పేరూ ఒక్క నోటిని కాపాడగా నేను చూడలేదు.

అర్జీ పెడదామన్నారు. కోరినవి రెండే: నాట్ల కాలంలో ఊరూరా తిరిగి నోళ్లు చూసే మనుషులు, ఈ పుండు ఎందువల్ల పుడుతున్నదో అదే పనిగా విచారించే వైద్యులు. వారికి సర్కారు జీతం. “నోరు అన్నచోట నోరు అనే రాయండి” అని మరీ చెప్పారు. నేను వినలేదు. ఏలినవారికి వెళ్లే కాగితం చప్పగా ఉండరాదని సీసపద్యంతో ఎత్తుకున్నాను. నోరు వదనగహ్వరమయింది. నిప్పు బడబానలమయింది. నాట్ల ఆడవారు సముద్రకాంతలయ్యారు. ఏడాది తిరిగాక పై కచేరీనుంచి జవాబు వచ్చింది: పద్యాలు అందినవి, బాగున్నవి, కవులను సత్కరించుటకు ఇచ్చట నిధి లేదు.

వైద్యుడుగారు అది చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. “పద్యం బాగుందన్నారుగా” అన్నారు. అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తూనే ఉంది. మేము జవాబు కోసం ఎదురుచూసిన ఆ ఏడాదిలోనే ముసలమ్మ అంగిలి పుండయింది. వంట మాటకు అంత చమత్కారంగా బదులిచ్చిన మనిషి గంజి కూడా మింగలేక కన్నుమూసింది.

రెండో అర్జీ ఆయనే తన చేత్తో, తన మాటల్లో రాశారు. దానికీ దిక్కులేదు. ఒకరు అది మందులేని జబ్బు కదా అన్నారు. ఇంకొకరు అది తమ పరిధి కాదన్నారు. చివరికి ఒక సభలో నిలబడి మాట్లాడనిచ్చారు. నేనూ పక్కనే ఉన్నాను.

“చుట్ట మానమని చెబితే సరిపోదుటండీ? దానికి సర్కారు సొమ్మెందుకు?” అన్నాడొక పెద్దమనిషి.

“చెప్పడానికీ మనుషులు కావాలి కదండీ. కాలవకి గండి పడకముందే గట్టు చూసుకోడానికి లస్కర్ని పెట్టారు. జీతం ఇచ్చి తిప్పుతున్నారు. మనిషి నోటికో లస్కరు ఉండకూడదాండీ?”

సభంతా నవ్వింది. గండి పడ్డనాడు వారిలో ఒక్కరూ నవ్వరు. పశువులకు జాడ్యం వస్తే వైద్యుణ్ణి పంపిన సర్కారు, ఏటి లంకల్లో పండే పొగాకుమీద సిస్తు వదలని సర్కారు, ఆ పొగాకు కాల్చే నోటిలోకి ఒక్కసారి తొంగిచూడడానికి మనిషిని ఇవ్వలేకపోయింది. ఇది లేమి అంటే నేను నమ్మను.

వైద్యుడుగారి పెట్టెలో మూడో అర్జీ దొరికింది, సగం రాసి ఆపినది. మిగతా సగం నేను పూర్తిచేశాను. అందులో పద్యం లేదు. నోరు నోరుగానే ఉంది. చదువరులు తమ ఊరి పేరు చేర్చి చేవ్రాలు చేయవలెనని వేడుకుంటున్నాను.

ఈ ఉదయం ఆ అరుగుమీద ఒకామె కూర్చుని ఉంది. ఆ ముసలమ్మ కూతురు.

“వైద్యుడుగారు లేరమ్మా” అన్నాను.

“తెలుసండి. తమరైనా సూత్తారేమోనని…”

కొంగున చుట్ట ముడివేసుకుంది. తూర్పుకు తిరిగి, తల వెనక్కు వాల్చి నోరు తెరిచింది. వంగి చూశాను. తెలుపు కనిపించింది. అది ఏ తెలుపో, ఎంత ముదిరిందో నాకు తెలియదు. చెప్పగలిగినవారు లేరు. ఎండ మెల్లగా అరుగు దిగిపోయింది. ఆమె ఇంకా నోరు మూయలేదు.