మునగనంటే మునగనన్న మా సబ్‌మెరైన్

ఊరు ఊరంత చెరువుకట్ట మీద నిలబడి చూస్తుండంగ, గణపతితోని పాటు తను గూడ నిమజ్జనమైన మనిషిని మీరు ఎన్నడన్న చూసిన్రా? చూడకుంటే ఇటు చూడుండ్రి, నేనే. పేరు రజిత. ఇప్పుడు తరిగొప్పుల దిక్కు ఒక బడిల సోషల్ చెప్తున్న. యుద్ధాల పాఠం వచ్చిందంటే చాలు, పిల్లలు పుస్తకాలు మూసి "టీచర్, మీ సబ్‌మెరైన్ ముచ్చట చెప్పుండ్రి" అని మీద పడ్తరు. వాళ్లకు సగమే చెప్తా. మీకు మొత్తం చెప్తా. నవ్వితే నవ్వుండ్రి గని నడిమిట్ల లేచి పోవద్దు.

మాది రేగొండ దగ్గర ఒక పల్లె. అప్పుడు నేను భూపాలపల్లిల డిగ్రీ ఆఖరి ఏడు. కాలేజోళ్లు విశాఖపట్నం తీస్కపోయిన్రు. దోస్తులందరు సముద్రంల ఎగురుతుంటే, నేను బీచ్ ఒడ్డున నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్లకు పోయి మళ్ల బయటికి రాలె. డెబ్బై ఒకటి యుద్ధంల తిరిగిన సబ్‌మెరైన్ అది! ఆ ఇనుప గొట్టంల అంతమంది, మంచం మీద మంచం, ఎండ మొఖం చూడకుండ అన్ని రోజులు! నాకు ఒళ్లు జలదరించింది. సార్లు వచ్చి చెయ్యి పట్టి గుంజితే గని నేను బస్సెక్కలె.

ఇంటికొచ్చినంక ఇగ నాకు వేరే లోకం లేదు. విశాఖ ముంగట మునిగిన పాకిస్తాన్ ఘాజీ, మొదటి ప్రపంచ యుద్ధంల ఓడలకు ఓడలనే ముంచిన జర్మనీ సబ్‌మెరైన్లు, కథల్ల సముద్రం కిందనే కాపురం పెట్టి భూమ్మీదికి రానంటే రానన్న కెప్టెన్లు. ఫోన్ల అవే, కలల్ల అవే. వంటింట్ల అమ్మ గిన్నె కింద పడేస్తే, "చప్పుడు చెయ్యకే అమ్మా, మీద శత్రువు ఓడ ఉన్నది!" అని గుసగుసలాడేదాన్ని.

"శత్రువు సంగతి నాకు తెల్వది గని, మీ నాయిన నిద్ర లేస్తే చెప్తడు నీ సంగతి" అనేది అమ్మ.

గిట్ల పిచ్చి ముదిరిన యాళ్లకు వినాయక చవితి వచ్చింది. మా ఊళ్లె మండపం అంటే పోరగాండ్లదే. వాళ్ల లీడర్ శ్రీకాంతన్న. మేం కుడుములు చెయ్యాలె, ముగ్గులు పెట్టాలె, వెనకాల కూసోని చప్పట్లు కొట్టాలె. నా దోస్తు స్వరూపకు మండింది. స్వరూప మామూలు పిల్ల గాదు, వాళ్ల నాయిన ట్రాక్టర్‌ను మా ఊరి మగోళ్లకంటే షాన్‌గ నడుపుతది.

"మనకు చేతులు లేవా? మన గణపతిని మనమే పెట్టుకుందాం" అన్నది.

పన్నెండు మందిమి కలిసి సర్పంచ్ సారక్క దగ్గరికి పోయినం. మా ముచ్చట చెప్పినమో లేదో, శ్రీకాంతన్న ఉరుక్కుంట వచ్చిండు.

"ఆడపిల్లలు మండపం పెట్టుడేంది సారక్కా? పెడ్తరు సరే, నిమజ్జనం నాడు దేవుణ్ణి ఎవలు లేపాలె? మళ్ల మేమే గద?"

"మేమే లేపుతం. మీ చిటికెన వేలు గూడ అక్కర్లేదు" అన్న నేను. ఆ నోరు ఉన్నది చూసిన్రూ, అన్నిటికీ అదే మూలం.

సారక్క ఇద్దరి మొఖాలు చూసింది. "అయితే వినుండ్రి. కట్టుడు ఎవలతోనన్న కట్టించుకోండ్రి. నిమజ్జనం మాత్రం మగోళ్ల చెయ్యి తగలకుండ, పొద్దుగూకక ముందే కావాలె. అయితే ఆడపిల్లల మండపం ఏటేట ఉంటది. కాకుంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు."

ఇగ ఇజ్జత్ మీదికొచ్చింది. పోరగాండ్లు రాకెట్ మీద గణపతిని పెడ్తున్నరని తెలిసింది. నేను పళ్లు కొరికి, "వాళ్లది ఆకాశమైతే మనది సముద్రం! సబ్‌మెరైన్ల గణపతి!" అన్న. పన్నెండు మందిల పదకొండు మందికి సబ్‌మెరైన్ అంటే ఏందో తెల్వది. తెల్వకనే చప్పట్లు కొట్టిన్రు.

వెల్డింగ్ షాపు కాడ నేను పెట్టిన ఆగం అంతా ఇంతా గాదు. అడుగున ఆరు ఖాళీ డ్రమ్ములు, బిరడాలు గట్టిగ బిగించి రెండు వరసలు. వాటి మీద నాలుగడుగుల మట్టి గణపతి. ఆయన సుట్టూ రేకుల గుండ్రటి ఒళ్లు, నల్ల రంగు. నెత్తి మీద అడుగు కోసేసిన డ్రమ్ముతోని గోపురం, దాంట్లకెల్లే మనిషి దిగేటంత తొవ్వ. దర్శనం చేసుకునేటోళ్లకు పక్కన రెండు గుండ్రటి కిటికీలు.

"ఒక పెద్ద తలుపు పెట్టాల్నా బిడ్డా?" అని వెల్డింగాయన అడిగిండు.

"సబ్‌మెరైన్‌కు తలుపేంది అన్నా! నవ్విపోతరు. కురుసురను చూసొచ్చిన, నాకు చెప్తవా?" అన్న. ఆ పెద్దమనిషి నన్ను ఒక చూపు చూసి రేకు అతికేసిండు.

తొమ్మిది రోజులు మాదే రాజ్యం. పక్క ఊర్లకెల్లి బండ్ల మీద వచ్చిన్రు. గుండ్రటి కిటికీలకెల్లి తొంగి చూసి "అబ్బ, దేవుడు యుద్ధానికి వోతున్నడే!" అని ముక్కు మీద వేలేసుకున్నరు. రాకెట్ కాడ డీజే ఒక్కటే ఎగిరింది. నేను నెత్తికి తెల్ల టోపీ పెట్టుకొని వచ్చినోళ్లందరికీ యుద్ధాల కథలు చెప్పుకుంట, ప్రతి కథకు రెండు కుడుములు తినుకుంట గడిపిన. నా అంత సంబురంగ ఆ చవితికి ఎవ్వలు లేరు.

నిమజ్జనం నాడు పొద్దుగాల కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, నడుము బిగించినం. స్వరూప సబ్‌మెరైన్ సుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. మూడోసారి నా ముంగట ఆగింది.

"రజితా, దేవుణ్ణి బయటికి ఎట్ల తీస్తమే?"

"పైనుంచి..." అన్న. పైన నేనే ముక్కుకుంట దిగే తొవ్వ. ఆయన బొజ్జ చూసిన. తొవ్వ చూసిన. మళ్ల బొజ్జ చూసిన.

"రేకు కోయిద్దామా?" అని మెల్లగ అడిగిన.

"మగోళ్ల చెయ్యి తగలొద్దన్నరు గదనే. మనం కోస్తే దేవుని చెవు కోస్తం."

అవుతల శ్రీకాంతన్న వాళ్లకు ముచ్చట తెలిసిపోయింది. ఒకడు నవ్వలేక కింద కూసున్నడు. నాకు ఏడుపొచ్చింది గని మింగిన.

"సబ్‌మెరైన్‌తోనే నిమజ్జనం! నీళ్లల్ల మునిగేదే గద సబ్‌మెరైన్ అంటే!" అని ఒర్రిన.

ఆడోళ్లమంత కలిసి మోకులు కట్టి, కట్టెలు కింద పెట్టి దొర్లిచ్చుకుంట ట్రాలీ ఎక్కిచ్చినం. స్వరూప ట్రాక్టర్ నడిపింది. చెరువు కాడికి వచ్చేసరికి ఎండ వాలుతున్నది. అప్పుడు నాకు ఇంకో తెలివి పుట్టింది. కథల్ల కెప్టెన్ తన నౌకను ఇడిచి ఒడ్డున నిలబడ్తడా? నిలబడడు. లంగాఓణీ సర్దుకొని, టోపీ పెట్టుకొని, పైనుంచి లోపటికి దిగి సెల్యూట్ కొట్టిన. "గణపతి బప్పా!" అన్నరు. ట్రాలీ వెనక్కి వంగింది. సబ్‌మెరైన్ సర్రున చెరువులకు జారింది.

జారి, తేలింది.

మామూలుగ తేలుడు గాదు. బాతు ఈదినట్టు ఈదుకుంట ముప్పై అడుగుల దూరం పోయింది. మోకు కొస కట్ట మీద స్వరూప చేతుల ఉన్నది గాబట్టి సరిపోయింది, లేకుంటే అవుతలి ఒడ్డుకు పోయేదాన్ని. ఆరు ఖాళీ డ్రమ్ములు బిగించిన ఘనురాలిని నేనే గద! కట్ట మీద నవ్వు లేచింది.

"రజితా, సబ్‌మెరైన్ అని చెప్పి పడవ కట్టినవేందే?" శ్రీకాంతన్న ఒర్రిండు. "సారక్కా, పొద్దు జూడు, పావుగంట లేదు!"

సారక్క మొఖం చిన్నబోయింది. ఆమెకు గూడ మేం గెలవాల్నని ఉన్నదని అప్పుడే తెలిసింది నాకు. మా పిల్లలు గట్టు మీద చేతులు నలుపుకుంటున్నరు. నా ఒక్కదాని షోకుకు పన్నెండు మంది మండపం నీళ్లపాలయితున్నది, అది గూడ మునగకుండ.

అప్పుడు మా బాపమ్మ లచ్చవ్వ కట్టె పట్టుకొని ముందటికి వచ్చింది.

"ఓ రజితా! యుద్ధంల అది ఎట్ల మునుగుతదే?"

"కడుపుల నీళ్లు నింపుకుంటది బాపమ్మా!"

"మరి నింపవే పిచ్చిదానా! ముహూర్తం చూడాల్నా?"

నెత్తి కొట్టుకున్న. బోల్టులు బిగించిన పానా గణపతి కాళ్ల కాడనే మర్చిపోయి ఉంటి. దేవునికి దండం పెట్టి, వంగి ఒక్కొక్క డ్రమ్ముకు ఉన్న రెండు బిరడాలు ఊడదీసిన. ఒక రంధ్రంల నీళ్లు గుడగుడ లోపటికి, ఇంకో రంధ్రంలకెల్లి గాలి బుస్సున బయటికి. సబ్‌మెరైన్ తల వంచింది. కట్ట మీద ఆడోళ్లు కేక పెట్టిన్రు. "మునుగుతుందే! మునుగుతుందే!" నేను గూడ లోపట్నుంచి "మునుగుతున్నం!" అని చప్పట్లు కొట్టిన.

చప్పట్లు కొట్టినంక యాదికొచ్చింది, నేను గూడ లోపట్నే ఉన్న అని.

నీళ్లు మోకాళ్లకొచ్చినయి. ఎగవడి గోపురంలకు ఎక్కిన. తల బయటికొచ్చింది, చేతులొచ్చినయి, నడుము రాలె. తొమ్మిది రోజుల కుడుములు, తడిసిన లంగా, రెండు కలిసి నన్ను బిరడా లెక్క బిగించినయి. "బాపమ్మా!" అని ఒర్రిన. కాళ్ల కింద సబ్‌మెరైన్ దిగుతనే ఉన్నది. నిజం చెప్తున్న, అప్పుడు కెప్టెనూ లేడు, కథా లేదు. మా అమ్మ మొఖమే కండ్ల ముంగట ఉన్నది.

దబ్బున అడుగు తాకింది. ఆగింది. నీళ్లు నా నడుము కాడ ఆగినయి. గణపతి, డ్రమ్ములు, రేకులు అన్ని నీళ్ల కింద. మీద నేనొక్కదాన్నే, టోపీతోని.

"కాలె! నిమజ్జనం కాలె!" శ్రీకాంతన్న ఎగిరిండు. "ఇంకా మీదికి కనవడ్తున్నది!"

నాకు ఎక్కడ్నుంచి వచ్చిందో ధైర్యం. "అన్నా, సబ్‌మెరైన్ మునిగినంక మీదికి ఏం కనవడ్తది?"

తొమ్మిది రోజులు దొంగచాటుగ వచ్చి నా కథలు విన్నడు గావచ్చు, నోరు జారిండు. "పెరిస్కోపు."

"నేనే పెరిస్కోపును!" అని మెడను ఎడమకెల్లి కుడికి, కుడికెల్లి ఎడమకు మెల్లగ తిప్పి ఊరు మొత్తాన్ని చూసిన.

కట్ట మీద నవ్వుకు కొంగలు లేచిపోయినయి. సారక్క కండ్లు తుడుచుకుంట చెయ్యి లేపింది. "గణపతి మునిగిండు, పెరిస్కోపు మిగిలింది. పొద్దు ఇంకా ఉన్నది. ఆడపిల్లల మండపం ఏటేట ఉంటది!" శ్రీకాంతన్ననే మొదటి ఈల కొట్టిండు. నేను నీళ్లల్ల నిలబడి బొల్లున ఏడ్చిన, సంబురంతోని.

పెరిస్కోపును పీకెతందుకు ఈతొచ్చిన నలుగురు ఆడోళ్లు, ఒక మోకు, ఒక కొబ్బరినూనె సీసా కావాల్సొచ్చింది. మగోళ్ల చెయ్యి మాత్రం పడనియ్యలె.

మా మండపం ఇప్పటికీ నడుస్తనే ఉన్నది. చవితి దగ్గరికొస్తే మా ఊరి పిల్లలు ఫోన్ చేస్తరు, "అక్కా, ఈసారి ఏం కడ్దాం?" అని. నేను కుడి చెయ్యి గుండె మీద పెట్టి, ఆ విఘ్నేశ్వరుని సాక్షిగ మీ అందరి ముంగట ఒట్టేస్తున్న. ఇగ ఈ జన్మల ఏ దేవుణ్ణి ఏ దాంట్ల కూసోబెట్టినా, ఆయన ఎట్ల బయటికొస్తడో ముందే చూసుకుంట. ఆయనకంటే ముందు నేను ఎట్ల బయటికొస్తనో, టేపు పెట్టి కొలుసుకుంట.