జగిత్యాల నుంచి తెచ్చుకున్న బిడ్డ

పెళ్ళయి కోరుట్లకు వచ్చాక, సిరిసిల్ల నుంచి ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది నాతో చదువుకున్న పిల్లల గురించే. ఒకతె భివండిలో కాపురం పెట్టింది. ఇంకొకతె భర్త మస్కట్ పోయి, ఎప్పుడో సెలవు మీద వస్తే కొడుకు ఆయన్ని చూసి భయపడి ఏడ్చాడట. హిందీలో ఎప్పుడూ తప్పే పిల్ల హిందీ పండితుణ్ణే చేసుకుంది. ఈ కబుర్లన్నీ మోసుకొచ్చేది మా బెంచీలోనే కూర్చున్న స్నేహితురాలు. ఆమెకు పుట్టిల్లూ అత్తిల్లూ సిరిసిల్లే. అన్నీ చెప్పుకుని నవ్వుకున్నాక, గొంతు తగ్గించి ఒకరి గురించి అడిగేదాన్ని.

"దాని ముచ్చటేమన్న తెల్సిందా?"

"ఏం లేదే. ఊకో, ఎవలన్న ఇంటరు."

అది అంటే మా బెంచీలో మూడోది. వాళ్ళమ్మ బీడీలు చేసేది. ఇదీ పొద్దున్నే లేచి తల్లితోపాటు బీడీలు చుట్టి బడికి వచ్చేది. ఎంత కడిగినా చేతుల తంబాకు వాసన పోయేది కాదు. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు దాని నోటుపుస్తకం అందుకుని ముక్కు మూసుకున్నాడు. క్లాసంతా నవ్వింది. అది లేచి నిలబడి, "మా ఇంట్ల బువ్వ గూడ గిదే వాసనొస్తది సార్" అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సారు తల వంచుకుని లెక్క దిద్ది ఇచ్చేశాడు.

ఇంటర్లో చేరాక బీడీ కార్మికుల సమ్మెలకు తల్లితో వెళ్ళడం మొదలుపెట్టింది. తర్వాత తల్లి లేకుండా వెళ్ళేది. రెండో ఏడు ఒకరోజు కాలేజీకి రాలేదు. మర్నాడూ రాలేదు. "అన్నలల్ల కలిసింది" అని, అంటే నక్సలైట్లలోకి పోయిందని, సిరిసిల్ల అంతా గుసగుసలాడింది. మాకెవరికీ ఒక్క మాట చెప్పలేదు. చాలా రోజులు నాకు దిగులుకన్నా కోపమే ఎక్కువ ఉండేది.

తండ్రి అప్పటికే లేడు. మిగిలింది తల్లీ, తమ్ముడూ. ఆమెను కన్నబిడ్డలు అవ్వా అనేవాళ్ళు, నేను పెద్దమ్మా అనేదాన్ని. తమ్ముడు సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఎక్కడ ఏం జరిగినా పోలీసు జీపు వాళ్ళింటి ముందు ఆగేది. తమ్ముణ్ణి ఎక్కించుకుపోయేవాళ్ళు. తిరిగొచ్చాక కొన్నాళ్ళు గోడ పట్టుకుని నడిచేవాడు. చివరికి ఏ షెడ్డు యజమానీ అతనికి పని ఇవ్వలేదు. తప్పు పట్టడానికీ లేదు, వాళ్ళకూ జీపు భయమే.

నేను కోరుట్లలో చిన్న బడిలో పాఠాలు చెబుతుండగా, ఒక ఎండాకాలం ఉదయం పెద్దమ్మ మా వాకిట్లో దిగింది. చేతిలో ఒక సంచి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"జగిత్యాల దవాఖానల ఒక పిల్ల ఉన్నదట బిడ్డా. అచ్చి సూసుకొమ్మని పోలీసోళ్ళు కబురు వెట్టిండ్రు. పిలగాన్ని తోలుకపోతె వాన్ని మల్ల ఇడువరు. నాకు ఎవలున్నరు, నువ్వు రా."

మా ఆయన నన్ను లోపలికి పిలిచాడు. "పోలీసోళ్ళ కండ్లల్ల వడుడు మనకెందుకే?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అయినా పెద్దమ్మ అట్లా నిలబడి ఉంటే ఇంట్లో ఎట్లా కూర్చుంటాను? చీర మార్చుకుని వెంట నడిచాను.

బస్సులో ఆమె సంచిని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి వెనక గది ముందు ఇద్దరు కానిస్టేబుళ్ళున్నారు. గుట్టల్లో ఎన్‌కౌంటర్ జరిగి రెండు రోజులైందనీ, లోపలికి ఒక్కరే రావాలనీ చెప్పారు. పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళింది. నేను గోడ నీడలో నిలబడి, కాకూడదు, కాకూడదు అనుకుంటూ ఉన్నాను. లోపల నుంచి ఏడుపు వినబడలేదు. కొంచెం ధైర్యం వచ్చింది.

చాలాసేపటికి బయటికి వచ్చింది. గడప దగ్గరే కూలబడింది.

"నా బిడ్డనే" అంది కానిస్టేబుల్‌తో. "ఇయ్యుండ్రి. తీస్కవోత."

వేలిముద్ర వేయించుకున్నారు. ఒక వ్యాను మాట్లాడాం. దారి పొడుగునా ఆమె ఒక చేయి ఆ మూట మీద వేసి, గుంతలు వచ్చినప్పుడల్లా అదిమి పట్టుకుంది. ముఖం ఒక్కసారి చూస్తానని నేను అడిగాను. "వద్దు బిడ్డా, నువ్వు సూడలేవు" అంది. ఇంటికి తెచ్చాక కూడా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. "స్నానం నేనొక్కదాన్నే పోస్త" అని తలుపేసుకుంది. ఆ సందులో సాంచాల చప్పుడు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ సందు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడలేదు. మా క్లాసు పిల్లలు కొందరు వచ్చారు, దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. వచ్చినవాళ్ళను ఎవరో చూసి పేర్లు చేరవేస్తారని అందరికీ భయం. పెళ్ళికాని పిల్ల కాబట్టి కాల్చలేదు, మానేరు ఒడ్డున పూడ్చిపెట్టారు. పెద్దమ్మ "ఓ నా తల్లీ, ఎవలు గన్న బిడ్డవే" అని శోకం పెట్టింది. శోకంలో ఎన్నో మాటలు వస్తాయి. ఆ మాటను మేమెవరమూ పట్టించుకోలేదు.

పేపర్లో దాని పేరు వచ్చింది. జీపు రావడం ఆగింది. తమ్ముడికి మళ్ళీ పని దొరికింది, కొన్నాళ్ళకు దుబాయి కూడా పోయాడు. నేను మాత్రం చాలా కాలం, నల్లబోర్డు ముందు నిలబడి సుద్దముక్క పట్టుకున్న చేతిని చూసుకుని, ఏం రాయబోయానో మరిచిపోయేదాన్ని.

ఏళ్ళు గడిచాయి. నాకు ఇద్దరు పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. ఒకరోజు సిరిసిల్ల స్నేహితురాలు ఫోన్ చేసింది.

"నిలవడ్డవా, కూసున్నవా?"

"ఏందే, ఏమైంది?"

"అది అచ్చింది."

"ఏది?"

"అదేనే. సచ్చిపోలేదు. వేరే జిల్లల లొంగిపోయిందట. నిన్న ఇంటికి తోలిచ్చిండ్రు. నా కండ్లతోని సూసచ్చిన."

నేను సిరిసిల్లకు ఎట్లా వెళ్ళానో గుర్తులేదు. అది మంచం మీద కూర్చుని ఉంది. మలేరియాతో ఎండిపోయింది, జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది, చెంప ఎముకలు పైకి వచ్చాయి. నన్ను చూసి, "నా సావుకు మస్తు ఏడ్చినవంట గదనే" అని నవ్వింది. నవ్వు మాత్రం పాతదే. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను, తర్వాత కోపంతో భుజం మీద కొట్టాను కూడా.

"పేపర్ల నా పేరు జూసిన. అవ్వ ఎవల్నో సూసి నేననుకున్నది అనుకున్న. సచ్చిననే అనుకోనియ్యి, ఇల్లన్న సల్లగుంటది అని ఊకున్న."

అప్పుడు నాకు ఆ గది, ఆ గడప గుర్తొచ్చాయి. తలుపు దగ్గర కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్న పెద్దమ్మ వైపు చూశాను.

"పెద్దమ్మా, మరి ఆ పిల్ల?"

ఆమె కత్తెర ఆపలేదు. "నాకు ఎరికె బిడ్డా. బట్ట తియ్యంగనే ఎరికైంది."

అది మంచం మీద నుంచి లేచింది. తల్లి ఈ మాట దానికి కూడా చెప్పలేదని అర్థమైంది. పోలీసులు వచ్చి, అప్పుడు పూడ్చింది ఎవర్నని అడిగితే, "ముసల్దాన్ని, మొఖం గుర్తువట్టలేదు" అని చెప్పి పంపిందట.

"నా బిడ్డ గాదని సంబురమైంది" అంది పెద్దమ్మ. "ఒక్క గడియ సంబురమైంది. అటెన్క ఆ పిల్లను సూసిన. ఎవ్వలు రాకపోతె ఏం జేస్తరు సారూ అని అడిగిన. గుంత దీసి పెడ్తం అన్నడు. పానం ఒప్పలే. నా బిడ్డ గూడ ఏడనో గిట్లనే పడి ఉంటె ఎవలన్న నాలుగు నీళ్ళు పోస్తరా అనిపిచ్చింది." కత్తిరించిన ఆకు పక్కన పెట్టింది. "అబద్ధమెందుకు, పిలగాడు గూడ యాదికచ్చిండు. ఇది సచ్చిపోయిందంటె వాన్ని ఇడుస్తరు గదా అనుకున్న. రెండు ఒక్కపారే అనిపిచ్చినయి. ఏది ముందో నాకు తెల్వది."

అది వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తర్వాత అడిగింది. "ఎట్లుండె ఆ పిల్ల?"

"చామనచాయ. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండె. ముందటి పన్ను జరంత ఇరిగింది."

అది గోడకేసి తిరిగింది. ఆ పిల్ల కొన్ని నెలలు వాళ్ళ దళంలోనే ఉందట. తర్వాత వేరే దళంలోకి మార్చారు. ఆ దళం చెదిరిపోయాక ఎక్కడో బతికే ఉందనుకున్నారట. "బుగ్గారం దిక్కు పిల్ల. వాళ్ళవ్వ ఉడకవెట్టే మక్కగుడాల గురించి చెప్పుకుంట పండేది" అంది.

పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది. "వాళ్ళవ్వ ఉన్నదా?"

"ఉండచ్చు."

"అయితె పోయి చెప్పాలె."

తల్లీ బిడ్డా వాదులాడుకున్నారు. "ఇన్నేండ్లు బతికి ఉన్నదనే ఆశల ఉంటది. నువ్వు పోయి ఆ ఆశ గూడ తీస్తవా?" అంది బిడ్డ. పెద్దమ్మ, "అది ఆశ గాదే. కుక్క మొరిగితె లేచి కూసునుడు. నాకెరికె, నేను పడ్డ" అంది.

అది స్టేషన్లో సంతకం పెట్టకుండా ఊరు దాటకూడదు. అందుకని మళ్ళీ నేనే పెద్దమ్మ వెంట వెళ్ళాను. బుగ్గారంలో అడిగితే ఇల్లు తేలిగ్గానే దొరికింది. అట్లాంటి ఇళ్ళు అందరికీ తెలుసు. వాకిట్లో ఒకామె మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఒలుస్తోంది. మమ్మల్ని ఎరగకపోయినా గోనెపట్టా పరిచి, చెంబుతో నీళ్ళిచ్చింది. "ఎవలు గావాలె అక్కా?" అంది.

పెద్దమ్మ బస్సులో కూర్చుకున్న మాటలన్నీ వదిలేసింది. ముందు పచ్చబొట్టు గురించి అడిగింది. ఆమె చేయి ఆగిపోయింది. తర్వాత పెద్దమ్మ ఒక్కొక్కటే చెప్పింది, ఏదీ దాచకుండా, కొడుకు సంగతితో సహా.

ఆమె ఏడవలేదు. "స్నానం వోసిండ్రా?" అని అడిగింది.

"పోసిన. నా చేతులతోనే."

"ఏం గట్టిండ్రు?"

"పచ్చ చీర. నా బిడ్డ కోసమని పెట్టుకున్నది."

ఆమె తల ఊపింది. ఒడిలో ఉన్న మక్కలు చాటలో పోసింది. తర్వాత మాకు చెప్పిన సంగతి నేను ఇప్పటికీ మరవలేను. ఆమె భర్త ఎక్కడ శవం పడిందన్నా చూడ్డానికి పోయేవాడట. జగిత్యాలకు కూడా పోయాడు, కానీ పొద్దుగూకే వేళకు చేరాడు. ఆ పిల్ల తల్లి వచ్చి తీసుకుపోయిందని అక్కడివాళ్ళు చెప్పారు. మన బిడ్డ కాదని ఆ మనిషి సంబరంగా ఇంటికి వచ్చి, ఆ పూట కల్లు తాగి, కడుపునిండా తిన్నాడట.

"మీ ఇంటికి జీపు రాకుండ అయిందంటివి గదక్కా" అందామె. "మా ఇంటికి రావట్టింది. నీ బిడ్డ ఏడున్నది, ఎప్పుడచ్చి పోయింది అని మా ఆయన్ను కాలిరుగ కొట్టిండ్రు. గా కాలుతోనే మంచాన వడి పోయిండు. లేనిదాన్ని ఏడికెల్లి తెచ్చి చూపియ్యాలె మేము?"

పెద్దమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది. ఆమె వెనక్కి జరిగింది. "వద్దు. లేవుండ్రి. మీ బస్సు పోతది" అంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. మేము వాకిలి దాటేదాకా చాటలో మక్కలు అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

కొన్ని నెలలకు ఆమె తన అన్నను వెంటబెట్టుకుని సిరిసిల్ల వచ్చింది. పెద్దమ్మ మానేరు ఒడ్డుకు తీసుకుపోయింది. నేనూ, అడవి నుంచి వచ్చిన నా స్నేహితురాలూ వెంట ఉన్నాం. అప్పటికే లారీలు ఇసుక తోడుకుపోయి ఒడ్డు ఆనవాలు మారిపోయింది. పెద్దమ్మ ఒకచోట నిలబడుతుంది, కాదని ఇంకోచోటికి నడుస్తుంది. చివరికి బుగ్గారం ఆమే, "ఇగ సాలు, గీడ్నే అనుకుంట" అని ఒకచోట కూర్చుని, తెచ్చిన మక్కగుడాలు ఆకులో పెట్టింది. ఆ తర్వాత ఆమె పెద్దమ్మ వాళ్ళింటికి వచ్చింది కానీ ముద్ద ముట్టలేదు. నా స్నేహితురాల్ని మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని, తన బిడ్డ అడవిలో ఏం తినేది, ఎక్కడ పడుకునేది, జ్వరం వస్తే ఎవరు చూసేవాళ్ళు, అన్నీ అడిగింది.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఆ వార్త బుగ్గారానికి పంపాం. ఆమె రాలేదు.

నా స్నేహితురాలు ఇప్పుడు తల్లిలాగే బీడీలు చేస్తుంది. వీలున్నప్పుడల్లా బుగ్గారం పోయి వస్తుంది. మొన్న కోరుట్లలో మా ఇంట్లో ఆగినప్పుడు, ఆమె ఎట్లా ఉందని అడిగాను.

"కండ్లు సరిగ్గ కనవడ్తలేవు. నా చెయ్యి పట్టుకుని కూసుంటది" అంది. "నేను బతికున్నందుకు సంబురపడ్తదో, మండిపోతదో నాకు సమజ్ కాదే. రమ్మంటది. పోత."