రాక్షసుడికి కోపం తెప్పించే ఉద్యోగం

కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి కుర్రాడూ బాగుపడుతున్నట్టే లెక్క అని పెద్దవాళ్ళు నమ్మిన రోజులవి. తెర మీద ఏముందో ఎవరూ తొంగి చూసేవారు కాదు. చూసినా, నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చకచకా పైకి పాకుతుంటే అది చదువు కాక మరేమై ఉంటుంది? ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని నేను తొంభైల చివర్లో, డిగ్రీ రెండో సంవత్సరంలో, దాదాపు ఎనిమిది నెలలు రాక్షసులతో యుద్ధం చేశాను. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, ఆ ఎనిమిది నెలల్లో నేను భయపడని రోజు ఒక్కటి కూడా లేదు.

అసలు నేను పుట్టు పిరికివాణ్ణి. చిక్కడపల్లిలో మా సందు మొదట్లో ఒక కుక్క ఉండేది. అది నన్ను ఎన్నడూ కరవలేదు, మొరగను కూడా లేదు. అయినా దానికి భయపడి నేను చుట్టూ తిరిగి, రెండు గల్లీలు దాటి ఇంటికి వెళ్ళేవాణ్ణి. బస్సులో 'నా స్టాపు వచ్చింది, ఆపండి' అని కండక్టరును అడగలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచిన రోజులు బోలెడు. కాలేజీలో హాజరు పిలిస్తే నేను పలికే మాట పక్కవాడికే వినపడక, ఎదురుగా ఉండి కూడా ఆబ్సెంటు వేయించుకునేవాణ్ణి. ఇన్ని భయాల్లోనూ పెద్ద భయం మా నాన్న. ఆయన నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. (కొడితే తేలిపోయేది, అదే కదా బాధ.) కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా చూసేవాడు. ఆ తుడిచేంత సేపూ నా ప్రాణాలు ఎక్కడుండేవో నాకు తెలిసేది కాదు.

అశోక్‌నగర్‌లో ఒక మేడ మీద కంప్యూటర్లు నేర్పే చోటు ఉండేది. నడిపేది భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన, అందరం సారు అనేవాళ్ళం. ఉన్న నాలుగు కంప్యూటర్లలో ఒక్కదానికే ఇంటర్నెట్ కోసం టెలిఫోను తీగ ఉండేది. ఆ తీగ మీద బొమ్మలు రావు, అక్షరాలు మాత్రమే వస్తాయి. పై అంతస్తులో సారు ఇల్లు, అక్కడి ఫోనూ ఇదే లైను. పైన ఎవరైనా రిసీవరు ఎత్తితే కింద మా ప్రపంచం తెగిపోయేది. నేను సాయంత్రం క్లాసుకు చేరాను. కానీ పొద్దున పూట ఆ కంప్యూటరు ఖాళీగా ఉంటుందని తెలిశాక, నారాయణగూడలో నా ఎకనామిక్స్ క్లాసు నేను లేకుండానే నడవడం మొదలైంది.

దానికి కారణం ఒక ఆట. బొమ్మలు లేని ఆట. 'నువ్వు తడి గుహలో నిలబడి ఉన్నావు, ఉత్తరం వైపు ఏదో గురక వినిపిస్తోంది' అని తెర మీద ఇంగ్లీషులో వస్తుంది. అటు వెళ్ళాలంటే ఉత్తరం అని టైపు చేయాలి. అదే గుహలో, అదే నిమిషంలో, ఏయే దేశాలవాళ్ళో మనతోపాటు నిలబడి ఉంటారు. బొమ్మ కనిపిస్తే ఇంతేగదా అనిపించేదేమో. కనిపించదు కాబట్టి ఆ గురక అచ్చంగా నా కుర్చీ వెనక నుంచే వస్తున్నట్టు ఉండేది. ఉత్తరం అనే మాట టైపు చేయడానికి నాకు ఒక్కోసారి ఐదు నిమిషాలు పట్టేది.

అందులో మొదట మనం ఎవరో ఎంచుకోవాలి. మంత్రగాడు, విలుకాడు, వైద్యుడు, ఇలా ఒక పట్టిక వచ్చింది. వెనక సారు వస్తున్న చప్పుడై, కంగారులో పైనున్న పేరే నొక్కేశాను. అలా నేను డాలు పట్టుకున్న భారీకాయుణ్ణి అయ్యాను. తోటివాళ్ళు నన్ను ట్యాంకు అనడం మొదలుపెట్టారు. (హైదరాబాదువాడికి ట్యాంకు అంటే మిద్దె మీది నీళ్ళ ట్యాంకు. యుద్ధాల్లో వాడే ట్యాంకు అని తెలియడానికి నాకు వారం పట్టింది.) ట్యాంకు పని అందరికంటే ముందు నిలబడడం. రాక్షసుడి చూపు, కోపం, దెబ్బలు, అన్నీ తన మీదే ఉండేట్టు చూసుకోవడం. వాడు నన్ను కొడుతున్నంతసేపు వెనకనున్న వైద్యురాలు నా గాయాలు మాన్పుతుంది, విలుకాళ్ళు బాణాలు వేస్తారు. వాడి చూపు తప్పి వెనకవాళ్ళ మీదికి మళ్ళిందా, ఒక్క దెబ్బకు వైద్యురాలు పోతుంది, ఆమె వెనకే మేమందరం పోతాం.

వాడి కోపాన్ని పట్టి ఉంచడానికి ఉన్నది ఒకటే దారి, తిట్టడం. మనం టైపు చేసే ప్రతి తిట్టూ కొత్తది కావాలి. పాతది మళ్ళీ కొడితే రాక్షసుడికి రోషం వచ్చేది కాదు. నా ఇంగ్లీషు తిట్లు రెండు రోజుల్లో అయిపోయాయి. ('నువ్వు మర్యాదస్థుడివి కావు' అనే దగ్గర ఆగిపోయాను.) అప్పుడు తెలిసింది, ఆ ఆటకు భాషతో పని లేదు, మాట కొత్తదా పాతదా అన్నదే దానికి కావలసిందని. ఇక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు తిట్లు మొదలుపెట్టాను. నారాయణగూడ మార్కెట్లో కూరగాయల బేరాల దగ్గర, ఆటోలు ఒకదానికొకటి తగిలే మూలల దగ్గర చెవులు రిక్కించి నిలబడి, విన్నవన్నీ ఎకనామిక్స్ నోటుబుక్కు వెనక రాసుకునేవాణ్ణి. జీవితంలో ఎవర్నీ ఒరేయ్ అనని నేను, రాక్షసుణ్ణి పాసిపోయిన పిండీ, చిల్లుపడ్డ బకెట్టూ అని పిలిచి, పిలిచినందుకు వణికిపోతూ కూర్చునేవాణ్ణి.

మా వైద్యురాలు ఆటలో పెట్టుకున్న పేరు తెల్లకొంగ. ఎక్కడో చలిదేశంలో రిటైరైన పంతులమ్మ. కాలు విరిగి మంచాన ఉన్న ఏడాదిలో ఆ వైద్యురాలి బలాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంది. గుహ అట్టడుగున మూడు తలల రాక్షసుడున్నాడు, అక్కడ చస్తే సంపాదించినదంతా పోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. అయినా అందరం వెళ్దామనుకున్నాం. ముందు రోజు ఆమె నాకొక్కడికే రాసింది, నువ్వు ముందుంటే నాకు భయం లేదు అని. అంతకుముందు ఆ మాట నాతో ఎవరూ అనలేదు. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. చదివినకొద్దీ, రాక్షసుడి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బుధవారం పొద్దున పదిన్నరకు దిగాం. మొదటి పావుగంట బాగానే సాగింది. నేను తిడుతున్నాను, వాడు కొడుతున్నాడు, తెల్లకొంగ మాన్పుతోంది. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎడమ చెప్పు కాస్త ఈడ్చినట్టుండే ఆ చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ వేళప్పుడు నాన్న ఆఫీసులో ఉండాలి, నేను క్లాసులో ఉండాలి. ఇద్దరం ఉండకూడని చోట ఉన్నాం.

గుమ్మం దగ్గర నాన్న ఏదో ఉత్తరం టైపు చేయించాలని తక్కువ గొంతుతో అడుగుతున్నాడు. నన్ను చేర్పించిననాడే నాన్నను చూసిన సారు ఎంతో సంతోషంగా, "మీవాడు ఇక్కడే ఉన్నాడండీ. చెయ్యి భలే స్పీడు. అతనే కొట్టేస్తాడు, కూర్చోండి," అన్నాడు. నా వెనక కుర్చీ జరిగింది.

నా మెడ వెనక్కి తిరగలేదు. తిప్పే ధైర్యమూ లేదు, తిప్పే వీలూ లేదు. వేళ్ళు మాత్రం వాటంతటవే తుప్పు పట్టిన బిందె మొఖపోడా అని కొట్టాయి. నాన్న ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదివాడు.

"ఎవర్ని తిడుతున్నవ్ రా?"

చేతులు ఆపితే రాక్షసుడు వెనక్కి మళ్ళుతాడు. ఆపకపోతే నా వెనక నాన్న ఉన్నాడు. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట నాదేనా అని ఇప్పటికీ అనుమానమే.

"నాన్నా, జర ఆగు. నేను ఆపితే వాళ్ళంత సచ్చిపోతరు."

వాళ్ళెవరని అడిగాడు. తెర మీద నుంచి కళ్ళు తీయకుండా, మధ్యలో టైపు చేస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాను. మూడు తలలవాడు, వెనక కాలు విరిగిన పంతులమ్మ, వాడి కోపమంతా నా మీదే ఉండాలి, తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకూడదు. చెప్తుంటే నాకే తెలుస్తోంది అదెంత పిచ్చిగా ఉందో. వెనక కళ్ళజోడు తీసిన చప్పుడైంది. ఇక అయిపోయిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే తిట్లు కూడా అయిపోయాయి. నోటుబుక్కు సంచిలో ఉంది, సంచి నాన్న కుర్చీ కింద ఉంది. దిక్కుతోచక పాతదొకటి కొట్టాను. రాక్షసుడు నిన్ను పట్టించుకోలేదు అని వచ్చింది. ఆ వెంటనే, రాక్షసుడు తెల్లకొంగ వైపు తిరుగుతున్నాడు అని వచ్చింది. భయంతో ఒక్క అక్షరమూ తోచలేదు.

"రాయి," అన్నాడు నాన్న వెనక నుంచి, చాలా మెల్లగా. "ఫైలు మీద పేపర్‌వెయిట్ లెక్క కూసున్నవ్. లేవవు, లేవనియ్యవు."

కొట్టాను. రాక్షసుడు మండిపడి నీ వైపు తిరిగాడు అని వచ్చింది. నాన్న కుర్చీ ముందుకు జరిగింది.

"సంతకం పెట్టనీకి ఒక్క చెయ్యి లేస్తలేదు, చాయ్ కప్పుకు రెండు చేతులు లేస్తున్నయ్." అది కూడా కొట్టాను. "నీకంటే నీ కుర్చీకి తెలివి ఎక్కువ." అదీ కొట్టాను. తర్వాత అవి ఆగకుండా వచ్చాయి. ఒక్కదాని కోసమూ ఆయన ఆలోచించుకోలేదు, ఒక్కచోటా తడబడలేదు. అవి అప్పటికప్పుడు పుట్టినవి కావని, ఎవరికోసమో ఏళ్ళ తరబడి తయారై లోపల కూర్చున్నవని నాకు అర్థమైంది. గొంతు మాత్రం పెంచలేదు. సారు వింటాడని కాబోలు, నా చెవి దగ్గర గుసగుసగానే తిట్టాడు. రాక్షసుడి రెండు తలలు తెగిపడ్డాయి. మూడోది మిగిలింది. అప్పుడు తెర బిగుసుకుపోయింది. పైన సారు భార్య ఫోను ఎత్తింది.

ఏం జరిగిందో తెలియదు. వాళ్ళు బతికారో లేదో తెలియదు. నాకూ నాన్నకూ మధ్య ఇప్పుడు రాక్షసుడు కూడా లేడు. నేను అలాగే తెర వైపు చూస్తూ కూర్చున్నాను. నాన్న రెక్సిన్ బ్యాగు తెరిచి, మడతలు నలిగిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు.

అది పై అధికారికి ఇంగ్లీషులో రాసుకున్న అర్జీ. నాన్న మీదున్న ఆఫీసరు ఆయన్ని దూరపు మండలానికి బదిలీ చేయిస్తున్నాడు, కొడుకు చదువు పూర్తయ్యేదాకా దాన్ని ఆపమని నాన్న కోరుతున్నాడు. వారం రోజులుగా అది బ్యాగులోనే ఉంది. ఆఫీసులో టైపు చేయిస్తే ఆ ఆఫీసరుకు తెలుస్తుందని, సగం రోజు సెలవు పెట్టి, అమ్మకు కూడా చెప్పకుండా ఇక్కడికి వచ్చాడు. టైపు చేసి ప్రింటు తీసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివాడు.

"హంబ్లీ అని నాలుగు చోట్ల ఉన్నది," అన్నాడు, వినయంగా వేడుకునే ఆ మాట మీద వేలు పెట్టి. "మూడు తీసెయ్."

తీసేసి మళ్ళీ ఇచ్చాను. సంతకం పెట్టే ముందు ఆయన రెండుసార్లు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. నాన్న తటపటాయించడం నేనెప్పుడూ చూడలేదు. చూడకూడనిది చూసినట్టనిపించి కిటికీలోంచి కింద రోడ్డు మీద పోయే బస్సు వైపు చూశాను.

నారాయణగూడ దాకా ఇద్దరం నడిచాం. అడుగడుక్కీ తిట్టు వస్తుందని కాచుకున్నాను. కాలేజీ మలుపు దగ్గర ఆగి, రేపటి నుంచి క్లాసు ఎగ్గొట్టవద్దన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, ఈ సంగతి అమ్మకు చెప్పవద్దన్నాడు. ఏ సంగతో చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

మర్నాడు బుద్ధిగా క్లాసు అయ్యాకే అశోక్‌నగర్ వెళ్ళాను. తెల్లకొంగ ఉత్తరం రాసి పెట్టింది. లైను తెగినా ఆ ఆటలో మనిషి కాసేపు ఉన్నచోటే నిలబడి ఉంటాడు. నేను మాట్లాడకుండా, కదలకుండా నిలబడే ఉన్నానట, వాడు మాత్రం నన్నే కొడుతూ ఉన్నాడట. నేను చచ్చిపోయేలోగా వాళ్ళు మూడో తల కొట్టేశారు. నువ్వు లేకపోయినా వాడు మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు, వాణ్ణి అంతగా ఏమన్నావు అని అడిగింది. నాన్న తిట్లను ఇంగ్లీషులో పెట్టబోయాను. పేపర్‌వెయిట్ అనే మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ సాయంత్రం అమ్మ నీళ్ళు పట్టడానికి వాకిట్లోకి వెళ్ళేదాకా చూసి, నాన్న పేపరు దించకుండానే అడిగాడు.

"ఆడు సచ్చిండా?"

"సచ్చిండు నాన్నా."

"మరి ఆ పంతులమ్మ?"

బతికే ఉందని చెప్పాను. ఊఁ అన్నాడు. పేపరు వెనక ఆయన ముఖం నాకు కనిపించలేదు.

బదిలీ ఆగలేదు గానీ నా పరీక్షలయ్యేదాకా వాయిదా పడింది. తర్వాత నాన్న రెండేళ్ళు ఆ మండలంలో ఒక్కడే ఉండి వచ్చాడు. సారు మేడ మీద ఇప్పుడు కళ్ళద్దాల దుకాణముంది. ఆ గుహ ఏ దేశపు కంప్యూటర్లో ఉండేదో, ఇప్పుడు వెతికినా దొరకలేదు. ఎనిమిది నెలలు గల్లీ గల్లీ తిరిగి నేను పోగుచేసుకున్న తిట్లలో పట్టుమని పది కూడా గుర్తులేవు. నాన్నవి మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. ఈ ఇరవై అయిదేళ్ళ నౌకరీలో వాటికి కొలతలు తీసినట్టు సరిపోయే ముఖాలు నా ముందు నాలుగైదు కూర్చున్నాయి. ప్రతిసారీ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిసారీ నేను, ఎస్ సార్ అన్నాను.